పాత మారుతి జెన్: రోడ్డు పట్టును, నిలబడే తీరును మెరుగుపరచుకోవడం ఎలా

1993లో వచ్చి 2006 వరకు తయారైన మారుతి జెన్ మన పట్టణాల్లోనూ ఊళ్లలోనూ ఇప్పటికీ అక్కడక్కడా తిరుగుతూనే ఉంది. 993 సీసీ అల్యూమినియం ఇంజిన్, సుమారు 50 హార్స్‌పవర్, 2335 మిల్లీమీటర్ల వీల్‌బేస్, 750 కిలోలకు అటూ ఇటూగా ఉండే బరువు కలిసి ఆ రోజుల్లో ఈ కారుకు మలుపుల్లో చురుకైన బండి అన్న పేరు తెచ్చిపెట్టాయి. ఇరవై ఏళ్లు దాటిన బండిలో ఆ చురుకుదనం కనిపించడం లేదంటే సాధారణంగా అది డిజైన్ లోపం కాదు. రబ్బరు ఎండిపోవడం, స్ప్రింగులు కుంగిపోవడం, టైర్లు గట్టిపడిపోవడం వల్ల వచ్చిన మార్పు. అందుకే ముందు కారును ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితికి తీసుకురావాలని, ఆ తర్వాతే, అదీ కొద్దిగానే, మార్పులకు దిగాలని నా గట్టి అభిప్రాయం. కారు అందంగా నిలబడటం కూడా ఈ వరుసలోనే సాధ్యమవుతుంది. 2006 చివర్లో వచ్చిన జెన్ ఎస్టిలో పేరులో మాత్రమే జెన్. అది వేరే కారు కాబట్టి ఇక్కడ చెప్పే కొలతలను దానికి వాడకూడదు.

మొదటి పని కొలతలు

పానా పట్టకముందే టేపు పట్టాలి. బండిని చదునైన సిమెంటు నేల మీద నిలిపి, డిక్కీ ఖాళీ చేసి, నాలుగు టైర్లలో గాలి సరిచూసి, ఒకసారి నాలుగైదు అడుగులు ముందుకూ వెనక్కూ దొర్లించి ఆపాలి. అప్పుడు ప్రతి చక్రం నడిమధ్య నుంచి నిట్టనిలువుగా పైన ఉన్న ఫెండర్ అంచు వరకు ఎంత ఉందో కొలిచి రాసుకోవాలి. చక్రం మధ్య నుంచి కొలవడానికి కారణం ఉంది: నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి తేడా లెక్కలో కలిసిపోతాయి. ఎడమకూ కుడికీ మధ్య 10 మిల్లీమీటర్లకు మించి తేడా కనిపిస్తే ఒక వైపు స్ప్రింగు కుంగిందనో, ఎప్పుడో తగిలిన దెబ్బకు ఏదో వంగిందనో అనుమానించాలి. ఎక్కువకాలం ఒక్కరే నడిపిన బండ్లలో డ్రైవరు వైపు దిగి ఉండటం కద్దు. ఎల్పీజీ సిలిండరు గానీ పెద్ద స్పీకర్ల పెట్టె గానీ ఏళ్ల తరబడి డిక్కీలో మోసిన బండ్లలో వెనుక భాగం మొత్తం కుంగి, ముందు ముక్కు పైకెత్తినట్టు ఉంటుంది. అలాంటి బండికి ముందు వైపు దించాలని చూడటం పొరపాటు. వెనుక స్ప్రింగులు మార్చి, ఆ అదనపు బరువు తీసేస్తే దాని తీరు దానంతటదే చక్కబడుతుంది.

చేతితో పరీక్షించడం

వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు భాగాన్ని జాకీతో ఎత్తి, గట్టి స్టాండ్ల మీద నిలపాలి. కేవలం జాకీ మీద ఉన్న కారు కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకూడదు. చక్రాన్ని పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ఊపినప్పుడు ఆట (వదులు కదలిక) తెలిస్తే వీల్ బేరింగునో, బాల్ జాయింటునో (లోయర్ ఆర్ము కొసన ఉండే గుండ్రటి కీలు) చూడాలి. ఒకరు బ్రేకు తొక్కి ఉంచినా ఆ ఆట అలాగే ఉంటే బాల్ జాయింటు, పోతే బేరింగు. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడు ఆట వస్తే టై రాడ్ ఎండ్ (స్టీరింగును చక్రానికి కలిపే రాడ్డు కొస) గానీ, స్టీరింగ్ ర్యాక్ లోపలి బుష్ (కదిలే చోట వేసే తొడుగు) గానీ అరిగి ఉంటుంది. కారు నేల మీద ఉన్నప్పుడు చక్రాలు కదలకుండా స్టీరింగు అంచు 30 మిల్లీమీటర్లకు మించి అటూ ఇటూ తిరుగుతుంటే మిగతా పనులకన్నా ముందు దాని సంగతి చూడాలి. బానెట్ ఎత్తి, నిలబడిన చోటే స్టీరింగు తిప్పిస్తూ స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే నిలువు కాలు) పైకప్పు మీద చెయ్యి పెడితే, పాడైన స్ట్రట్ మౌంటు ఉంటే టక్కుమని దెబ్బ అరచేతికే తెలుస్తుంది.

ఇదే సమయంలో తుప్పును కూడా వెతకాలి. విశాఖ, కాకినాడ, నెల్లూరు వంటి సముద్రతీర ప్రాంతాల్లో తిరిగిన బండ్లలో వెనుక ట్రెయిలింగ్ ఆర్ములు (వెనుక ఇరుసును బాడీకి కలిపే చేతులు) బాడీకి కలిసే చోట్లు, వెనుక షాక్ అబ్జార్బర్ల పై కొసలు, ముందు స్ట్రట్ టవర్ల అతుకులు పైకి పెయింటు మెరుస్తున్నా లోపల తినేసి ఉండవచ్చు. స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే దిగబడే రేకు మీద కొత్త సస్పెన్షన్ బిగించడం డబ్బు దండగ మాత్రమే కాదు, ప్రమాదం కూడా. ముందు వెల్డింగు, తర్వాతే సస్పెన్షన్.

బుష్షులు: అసలు పని ఇక్కడే ఉంది

జెన్ ముందు సస్పెన్షన్‌లో చాలామంది గమనించని విషయం ఒకటుంది. స్టెబిలైజర్ బార్ (రెండు ముందు చక్రాలను కలిపే ఉక్కు కడ్డీ) కొసలు లోయర్ ఆర్ముల్లోకి (చక్రాన్ని కింద నుంచి పట్టే చేతులు) దూరి, రెండు వైపులా రబ్బరు బుష్షులతో, చివర నట్టుతో బిగించి ఉంటాయి. మలుపులో బండి వాలును తగ్గించడమే కాకుండా, చక్రం ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచే బాధ్యత కూడా ఆ బారుదే. ఆ బుష్షులు అరిగిపోయినప్పుడు బ్రేకు వేసిన ప్రతిసారీ చక్రం కొద్దిగా వెనక్కి జరుగుతుంది, దానితో క్యాస్టర్ (పక్క నుంచి చూసినప్పుడు చక్రం తిరిగే అక్షం వాలు) మారుతుంది, రెండు వైపులా అరుగుదల ఒకేలా ఉండదు కాబట్టి కారు ఒక పక్కకు లాగుతుంది. ఈ లాగుడును చూసి ఎన్నోసార్లు అలైన్‌మెంట్ చేయించి, బ్రేకు ప్యాడ్లు మార్పించి విసిగిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. దీన్ని తేల్చుకోవడం తేలిక: ఖాళీ స్థలంలో ఇంకొకరిని నడపమని, మీరు పక్కన దూరంగా నిలబడి, నడక వేగంలో ముందుకు వస్తూ ఒకసారి, రివర్సులో ఒకసారి బ్రేకు వేయించండి. చక్రానికీ ఫెండరుకూ మధ్య ఖాళీ ముందు వైపు, వెనుక వైపు మారుతున్నట్టు కంటికి కనిపిస్తే బుష్షుల పని అయిపోయినట్టే. ఇవి చవకైన భాగాలు. వీటిని మార్చడం వల్ల స్టీరింగులో వచ్చే నిక్కచ్చితనం ఎంతో ఖరీదైన మార్పులతో కూడా రాదు.

వెనుక ఇరుసు ఒకే ముక్క. దాన్ని రెండు ట్రెయిలింగ్ ఆర్ములు ముందుకూ వెనక్కూ, అడ్డంగా ఉండే ల్యాటరల్ రాడ్డు పక్కలకూ కదలకుండా పట్టుకుంటాయి. హైవే మీద లారీ దాటి వెళ్లినప్పుడు కారు వెనుక భాగం ఒకసారి ఊగి సర్దుకున్నట్టు అనిపిస్తే ల్యాటరల్ రాడ్డు బుష్షులను, ట్రెయిలింగ్ ఆర్ము బుష్షులను మార్చాలి. తుప్పుపట్టిన బండ్లలో ఈ బోల్టులు బుష్ లోపలి గొట్టానికి అతుక్కుపోయి ఉంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచడం మంచిది. అయినా కదలకపోతే మెకానిక్కులు గ్యాసుతో వేడి చేస్తారు. వెనుక భాగంలో పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపులు దగ్గరగా ఉంటాయి కాబట్టి అక్కడ మంట పెట్టనివ్వకండి, రంపంతో కోయించి కొత్త బోల్టు వేయించండి.

ఇక బిగించే తీరు. రబ్బరు బుష్ లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ రబ్బరు అతికి ఉంటుంది; ఆర్ము కదిలినప్పుడు ఆ రబ్బరు మెలి తిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. కారు గాలిలో వేలాడుతున్నప్పుడే బోల్టు పూర్తిగా బిగిస్తే, బండి కిందికి దిగగానే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి, కొన్ని నెలల్లో చిరిగిపోతుంది. అంతేకాదు, ఆ మెలిక వల్ల కారు ఉండవలసినదానికన్నా కొంచెం ఎత్తుగా, బిర్రుగా నిలబడుతుంది. అందుకని బోల్టులను వదులుగా పెట్టి, బండిని చక్రాల మీద దించి, ముందూ వెనుకా రెండుమూడు సార్లు అదిమి వదిలి, అప్పుడు పిట్ మీద గానీ ర్యాంప్ మీద గానీ బిగించాలి. పని జరిగేటప్పుడు పక్కన నిలబడి ఈ ఒక్క విషయం అడిగి చేయించుకుంటే చాలు. పాలీయూరిథేన్ బుష్షుల గురించి చాలామంది అడుగుతారు. స్టెబిలైజర్ బారును బాడీకి పట్టే చోట అవి పనికొస్తాయి గానీ, మెలి తిరగవలసిన ట్రెయిలింగ్ ఆర్ముల్లో అవి బిగుసుకుపోయి కిర్రుమంటాయి. రోజూ తిరిగే కారుకు మంచి రబ్బరే సరైనది.

షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు

బానెట్ మూల నొక్కి వదిలే పరీక్ష పూర్తిగా చచ్చిన షాక్ అబ్జార్బరును మాత్రమే పట్టిస్తుంది. సగం బలం పోయినదాన్ని రోడ్డు మీదే తెలుసుకోవాలి: చిన్న ఎత్తుపల్లాన్ని దాటాక కారు ఒక్కసారి లేచి కుదురుకోవాలి, రెండోసారి కూడా ఊగితే మార్చే కాలం వచ్చినట్టు. నూనె తడి స్పష్టంగా కారుతుంటే పరీక్షే అక్కర్లేదు. మార్చేటప్పుడు కనీసం ముందు రెండూ కలిపి, వెనుక రెండూ కలిపి మార్చాలి. వీలైతే నాలుగూ ఒకేసారి. వాటితో పాటు స్ట్రట్ మౌంట్లు, బంప్ స్టాపులు (సస్పెన్షన్ పూర్తిగా కుంగినప్పుడు దెబ్బ ఆపే రబ్బరు ముక్కలు), దుమ్ము తొడుగులు, స్ప్రింగు కింది రబ్బరు ప్యాడ్లు కొత్తవి వేయించండి, ఎందుకంటే వాటి కోసం మళ్లీ అదంతా విప్పాలంటే కూలీ రెండింతలవుతుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఈ సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి. పాత ముక్కను చేతిలో పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి పోల్చి చూసుకుని కొనడం ఉత్తమం. 1527 సీసీ ప్యూజో ఇంజిన్‌తో వచ్చిన డీజిల్ జెన్ ముందు భాగం పెట్రోలు బండి కన్నా బరువైనది కాబట్టి, స్ప్రింగులు కొనేటప్పుడు పెట్రోలు బండికే అడుగుతున్నామని స్పష్టంగా చెప్పాలి.

కొత్త షాక్ అబ్జార్బరును బిగించే ముందు నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా లాగి నొక్కాలి. దుకాణంలో పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపల చేరిన గాలి దానితో సర్దుకుంటుంది. ముందు స్ట్రట్ విప్పేటప్పుడు స్ప్రింగు కంప్రెసరు రెండు కొక్కేలు ఎదురెదురుగా పెట్టి, సమానంగా బిగించి, పై కప్పు వదులుగా తిరుగుతోందని చూసుకున్నాకే నడిమి నట్టు తీయాలి. తాడు కట్టో, తీగ చుట్టో స్ప్రింగు విప్పే చోట పని చేయించకండి. నొక్కి ఉంచిన స్ప్రింగులో మనిషి ప్రాణం తీయగల బలం ఉంటుంది. తిరిగి బిగించేటప్పుడు స్ప్రింగు చివర దాని మెట్టుకు సరిగ్గా ఆనిందో లేదో కళ్లతో చూడాలి.

కారును దించాలనుకుంటే

ఇంతవరకు చెప్పినదంతా పూర్తయ్యాక మళ్లీ కొలతలు తీయండి. సరైన కొత్త స్ప్రింగుల మీద, మంచి టైర్లతో, నాలుగు మూలలా సమానంగా నిలబడిన జెన్ చాలామందికి అలాగే నచ్చుతుంది. ఇంకా దించాలని ఉంటే ఈ కారుకు 20 నుంచి 25 మిల్లీమీటర్లను హద్దుగా పెట్టుకోవాలి. ఫ్యాక్టరీ గ్రౌండ్ క్లియరెన్స్ 165 మిల్లీమీటర్లు. 25 తీసేస్తే 140 మిగులుతుంది, నలుగురు కూర్చుంటే ఇంకా తగ్గుతుంది. ప్రమాణాల ప్రకారం స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో మెల్లగా లేచి మెల్లగా దిగాలి గానీ, మన కాలనీల్లో ఎవరికివారు పోసుకున్నవి సన్నగా, నిటారుగా ఉంటాయి.

దించడానికి స్ప్రింగు కోయించడం మన దగ్గర బాగా అలవాటైన పద్ధతి. దాన్ని నేను ససేమిరా ఒప్పుకోను. కాయిల్ స్ప్రింగు బిగువు దాని పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమంగా ఉంటుంది కాబట్టి, ఆరు చుట్లలో ఒకటి కోస్తే బిగువు 20 శాతం పెరుగుతుంది, కానీ షాక్ అబ్జార్బరు మాత్రం పాతదే. ఆ స్ప్రింగును అదుపు చేసే శక్తి దానికి చాలదు. గ్యాసు మంటతో కోస్తే ఆ చుట్టుపక్కల ఉక్కు పదును పోయి తర్వాత విరుగుతుంది. అన్నిటికన్నా ప్రమాదం ఏమిటంటే, గోతిలో చక్రం పూర్తిగా వేలాడినప్పుడు పొట్టి స్ప్రింగు తన స్థానం నుంచి తప్పి పక్కకు కూర్చోవచ్చు. దించిన ఎత్తుకే తయారైన, పూర్తి సాగులో కూడా బిగుతు వదలని స్ప్రింగు దొరికితేనే ఈ పనికి పూనుకోవాలి.

బాగా దించితే రోడ్డు పట్టు తప్పక పెరుగుతుందన్న నమ్మకం కూడా సరి కాదు. మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కార్లలో లోయర్ ఆర్ము బయటి కొస లోపలి కొస కన్నా పైకి పోయేంతగా దించితే, బండి గరిమనాభి దిగిన దానికన్నా రోల్ సెంటర్ (మలుపులో బండి ఏ బిందువు చుట్టూ వాలుతుందో అది) ఎక్కువగా దిగిపోతుంది. ఫలితంగా ఆ రెంటి మధ్య దూరం, అంటే మలుపులో కారు వాలడానికి తోడ్పడే దూరం, పెరుగుతుంది. స్టీరింగు రాడ్లకూ ఆర్ములకూ మధ్య కోణాలు చెడి, గతుకు మీద చక్రం తనంతట తాను తిరుగుతుంది. వెనుక ల్యాటరల్ రాడ్డు ఒక కొస బాడీకీ, రెండో కొస ఇరుసుకూ ఉంటుంది కాబట్టి, కారు దిగిన కొద్దీ ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది. వెనుక నుంచి చూస్తే ఒక టైరు ఫెండరు బయటికి, ఒకటి లోపలికి కనిపించడానికి కారణం అదే.

టైర్లు, రిమ్ములు

జెన్‌కు కంపెనీ ఇచ్చిన టైరు 145/70 ఆర్13 (వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 13 అంగుళాలు). దాని వ్యాసం సుమారు 533 మిల్లీమీటర్లు. 155/65 ఆర్13 వ్యాసం 532, అంటే గేర్ల లెక్కా స్పీడోమీటరూ దాదాపు మారవు. పైగా ఆల్టో కె10కు ఈ సైజే వచ్చింది కాబట్టి దొరకడమూ కష్టం కాదు. నా ఓటు దీనికే. 155/70 ఆర్13 వ్యాసం 547. మునుపటి కన్నా 2.6 శాతం ఎక్కువ, కారు 7 మిల్లీమీటర్లు లేస్తుంది, ఫెండరు కింది ఖాళీ కూడా కొంత నిండుతుంది. గతుకుల రోడ్ల మీద తిరిగేవారికి ఇది మంచి ఎంపిక. 165/65 ఆర్13 కావాలంటే రిమ్ము వెడల్పు కనీసం 4.5 అంగుళాలు, సరిగ్గా చెప్పాలంటే 5 ఉండాలి. సన్నటి రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కిస్తే పక్కగోడలు బయటికి ఉబ్బి, మలుపులో టైరు ఒరిగిపోతుంది. రిమ్ము మీద అచ్చు వేసిన అంకెలు చదివి నిర్ణయించుకోవాలి. ఏ సైజు తీసుకున్నా లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును తెలిపే అంకె) అసలు టైరు కన్నా తగ్గకూడదు. పవర్ స్టీరింగు లేని జెన్‌లో టైరు వెడల్పైన కొద్దీ పార్కింగులో చేతులకు పని పెరుగుతుంది.

పక్కగోడ మీద నాలుగంకెల తయారీ గుర్తును తప్పక చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు లోతుగానే ఉన్నా ఆరేళ్లు దాటిన టైరు మన ఎండలకు గట్టిపడి, వానలో జారుతుంది. తక్కువ తిరిగే పాత కార్లలో ఇదే పెద్ద సమస్య.

అల్లాయ్ వీల్స్ వేసేటప్పుడు 13 అంగుళాల్లోనే తేలికవాటిని ఎంచుకోవాలి. 50 హార్స్‌పవర్ ఉన్న బండికి 14 అంగుళాల బరువైన చక్రాలు వేస్తే పికప్పూ పోతుంది, గతుకుల మీద కుదుపూ పెరుగుతుంది. బోల్టుల మధ్య కొలత, హబ్ రంధ్రం, ఆఫ్‌సెట్ (రిమ్ము నడిమధ్య నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎంత దూరమో ఆ కొలత) మూడూ కలవాలి. నట్టు మొన అల్లాయ్ గుంటకు సరిపోయే ఆకారంలో ఉండాలి. చక్రాన్ని బయటికి తేవడానికి మందపాటి స్పేసర్లు వేస్తే బోల్టు మీద నట్టు పట్టే మరలు తగ్గుతాయి, బేరింగు మీద భారం పెరుగుతుంది, స్టీరింగు ప్రతి గతుకునూ చేతికి చేరవేస్తుంది. చక్రం ఫెండరు అంచుకు లోపలే ఆగాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నమైన మార్పులను అనుమతించదు; 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని స్పష్టం చేసింది. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషను అయిదేళ్లకోసారి తనిఖీ తర్వాతే పునరుద్ధరిస్తారు కాబట్టి, ఆర్‌టీఓ ఆఫీసు ముందు నిలబడినా ఇబ్బంది రాని మార్పులే చేయించుకోవాలి.

అలైన్‌మెంట్, గాలి

అలైన్‌మెంట్ చివరి పని. బుష్షుల కన్నా ముందు చేయిస్తే ఆ డబ్బు వృథా. డ్రైవరు సీట్లో మనిషి కూర్చుని, ట్యాంకు సగం నిండి ఉండగా చేయించి, ముందూ తర్వాతా అంకెలున్న కాగితం అడిగి తీసుకోండి. జెన్ ముందు చక్రాల్లో మామూలుగా సర్దగలిగేది టో (పై నుంచి చూస్తే చక్రాల ముందు కొసలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) మాత్రమే. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం నిలువు నుంచి వాలిన కోణం) ఒక వైపు తేడాగా చూపిస్తే, బోల్టు రంధ్రం రాకి సర్దుతామంటే ఒప్పుకోకుండా, వంగినది స్ట్రట్టా, లోయర్ ఆర్మా, స్టబ్ యాక్సిలా (చక్రం హబ్‌ను మోసే భాగం) అని వెతికించాలి. వెనుక ఇరుసుకు సర్దుబాటు ఏదీ లేదు. అక్కడ అంకెలు తప్పితే ఇరుసో ఆర్మో వంగినట్టే లెక్క.

గాలి ఉదయాన్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు కంపెనీ చెప్పిన కొలతకు పెట్టి, అక్కడి నుంచి ముందు చక్రాల్లో ఒక్కొక్క పీఎస్ఐ చొప్పున రెండు దాకా పెంచి చూడండి. మలుపులో ముక్కు బయటికి పోయే గుణం కొంత తగ్గి, స్టీరింగు తేలికవుతుంది. కుదుపు ఎక్కువైతే వెనక్కి రండి.

పనులన్నీ ముగిసిన తర్వాత 500 కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లు, సస్పెన్షన్ బోల్టులు ఒకసారి టార్క్ రెంచితో సరిచూసి, నాలుగు మూలల ఎత్తు మళ్లీ కొలవండి. కొత్త స్ప్రింగులు ఈ దూరంలో కొద్దిగా సర్దుకుంటాయి. ఎడమ కుడి వైపులు సమానంగా దిగి ఉంటే సరే, తేడా వస్తే స్ప్రింగు చివర మెట్టులో సరిగ్గా కూర్చోలేదేమో ముందు చూసి, ఆ తర్వాత టో మరోసారి సరిచేయించండి.